ప్లేటు ఒకటి చెబుతోంది, ఛాసిస్ ఇంకొకటి చెబుతోంది

ప్రశ్న: పాత జీపు ఒకటి బేరానికి వచ్చింది. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన జీపు ఇదేనని అమ్మే ఆయన గట్టిగా చెబుతున్నాడు. డ్యాష్‌బోర్డు మీద ఫోర్డ్ జీపీడబ్ల్యూ అని ప్లేటు ఉంది, డెలివరీ తేదీ 8-6-44. గ్రిల్‌లో తొమ్మిది చీలికలు, బానెట్ మీద తెల్ల నక్షత్రం, ఒంటినిండా ఆలివ్ రంగు. అయితే ఇంజిన్ నంబరు ప్లేటు మీది నంబరుతో కలవడం లేదు. కిందికి వంగి చూస్తే రేడియేటర్ దిగువన ఛాసిస్‌కి అడ్డంగా ఒక గుండ్రటి గొట్టం ఉంది. వెనక ప్యానెల్‌కి లోపలివైపు రెండు నిలువు వెల్డింగ్ గీతలు కూడా కనబడ్డాయి. ఇది నిజంగా మిలిటరీ బండేనా? ఇంజిన్ నంబరు తేడా చూసి వదిలేయమంటారా?

సమాధానం: ఇంజిన్ నంబరు గురించి దిగులు పడకండి. మీరు మాటవరసకు రాసిన ఆ గుండ్రటి గొట్టం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. దానికన్నా ముందు ఆ తేదీ సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి పానా కూడా అక్కర్లేదు.

అమెరికన్లు నెల ముందు రాసి రోజు తరవాత రాస్తారు. 8-6-44 అంటే 1944 ఆగస్టు 6. అమ్మే ఆయన దాన్ని జూన్ 8 అని చదువుకుని ఉండొచ్చు. పోనీ అలాగే చదివినా, నార్మండీలో సైన్యం దిగిన రెండు రోజులకు అమెరికాలో ఫ్యాక్టరీ దగ్గర సైన్యానికి అప్పగించిన బండి అవుతుంది. ఆ తరవాత ఓడెక్కి అట్లాంటిక్ దాటాలి. ఎటు నుంచి చదివినా జూన్ 6 కథ నిలవదు. కథ నిలవలేదు కదా అని జీపు కూడా నకిలీ అనుకోకండి. అసలైన జీపుకు ఉత్తుత్తి కథ అంటగట్టడం మామూలే.

ఇలాంటి బేరంలో మూడు మాటలు కలిసిపోయి వినిపిస్తాయి. ఇది సైన్యం వాడిన రకం జీపు అనేది మొదటి మాట. ఈ ఛాసిస్‌నే సైన్యం కోసం తయారు చేశారు అనేది రెండోది. ఈ జీపే ఫలానా యుద్ధంలో, ఫలానా దళంలో తిరిగింది అనేది మూడోది. మొదటిది కంటితో తేలుతుంది. రెండోది ఒక పూట ఓపిగ్గా కష్టపడితే తేలుతుంది. మూడోది దాదాపు ఎప్పుడూ తేలదు. ఛాసిస్ నంబరు చెబితే ఈ జీపు ఏ దళంలో తిరిగిందో తీసి చూపించే రిజిస్టరు అంటూ ఒకటి లేదు. అమ్మేవాళ్లు మాత్రం మొదటిది చూపించి మూడోదానికి డబ్బు అడుగుతారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ జీపును ఇద్దరు తయారు చేశారు. విల్లీస్ వాళ్లది ఎంబీ, ఫోర్డ్ వాళ్లది జీపీడబ్ల్యూ. 1941 చివర నుంచి 1945 దాకా రెండూ కలిపి 6 లక్షలకు పైగా వచ్చాయి. డిజైన్ ఒక్కటే, భాగాలు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. సైన్యం కోరుకున్నదే అది. కానీ ఛాసిస్‌లో మాత్రం ఒక తేడా మిగిలిపోయింది. రేడియేటర్ కింద ఉండే ముందు క్రాస్ మెంబర్, అంటే ఛాసిస్‌కి అడ్డంగా ఉండే కమ్మీ, విల్లీస్‌లో గుండ్రటి గొట్టం. ఫోర్డ్‌లో బోర్లించిన కాలువలా నలుచదరపు రేకు. వంగి చేత్తో తడిమితే చీకట్లో కూడా తెలిసిపోతుంది. మీరు చూసింది గొట్టం. అంటే మీ ఛాసిస్ ఫోర్డ్ కాదు, డ్యాష్‌బోర్డు మీదున్న ఫోర్డ్ ప్లేటు ఈ ఛాసిస్‌తో పుట్టింది కాదు.

ఇందులో మోసమే ఉందని అప్పుడే అనుకోనక్కర్లేదు. యుద్ధం తరవాత సైన్యాల మరమ్మతు డిపోల్లో వందల జీపుల్ని ఒకేసారి విప్పి, బాడీలు ఒక వరసలో, ఛాసిస్‌లు ఇంకో వరసలో పెట్టి, బాగైనవాటిని బాగైనట్టు బిగించేశారు. పారిస్ శివార్లలో ఫ్రెంచి సైన్యం నడిపిన లా మాల్టూర్నే డిపో ఈ పనికి పేరుమోసింది. అక్కడి నుంచి వచ్చిన బండిలో ఫోర్డ్ బాడీ, విల్లీస్ ఛాసిస్ కలిసి ఉంటే అది దాని సహజ చరిత్రే. రెండో అవకాశం ఏమిటంటే ప్లేటు కొత్తగా కొన్నది. ఖాళీ ప్లేట్లు, నంబరు కొట్టి ఇచ్చే ప్లేట్లు పాత బండ్ల విడిభాగాలతో పాటే దొరుకుతాయి. గ్లవ్‌బాక్స్ మూత తెరిచి ప్లేటు వెనకవైపు చూడండి. పాత ప్లేటు అయితే రివెట్ల తలల మీద రంగు పొరలు బాడీ మీద ఉన్నన్నే ఉంటాయి, ప్లేటు అంచు చుట్టూ రంగు పేరుకుని ఉంటుంది. కొత్తదైతే రివెట్లు శుభ్రంగా మెరుస్తాయి, లేదా వాటి చుట్టూ పాత రంధ్రాలు పూడ్చిన జాడ ఉంటుంది. ఏది ఏమైనా ప్లేటును సాక్ష్యంగా కాక, ఎవరో చెప్పిన మాటగా తీసుకోండి.

సాక్ష్యం ఛాసిస్ మీద ఉంటుంది. విల్లీస్ ఎంబీ అయితే ఎడమవైపు ముందు ఛాసిస్ పట్టీకి లోపలి ముఖాన, బంపర్ వెనకే, రివెట్లతో బిగించిన చిన్న ప్లేటు మీద నంబరు ఉంటుంది. విల్లీస్ వరస 100001 నుంచి మొదలైంది. ఆ ప్లేటు చాలా బండ్లకు ఊడిపోయింది, రివెట్ల రంధ్రాలు మాత్రం మిగిలి ఉంటాయి. ఆ రంధ్రాలు ఉన్నాయో, బురద కింద పూడిపోయాయో ముందు చూడండి. ఫోర్డ్ అయితే ప్లేటు ఉండదు. ఎడమ పట్టీ పైముఖం మీద, ముందు షాక్ అబ్సార్బర్ బ్రాకెట్‌కీ ఇంజిన్ మౌంటుకీ మధ్యన, లోహంలోనే కొట్టిన జీపీడబ్ల్యూ నంబరు ఉంటుంది. ముందూ వెనకా నక్షత్రం లాంటి గుర్తు ఉంటుంది. ఫోర్డ్ 1 నుంచి మొదలుపెట్టి దాదాపు 2,78,000 దగ్గర ఆపింది. 3 లక్షలు దాటిన జీపీడబ్ల్యూ నంబరు ఎవరైనా చూపిస్తే నవ్వి ఊరుకోండి.

మీది గొట్టం ఛాసిస్ కాబట్టి ఫోర్డ్ నంబరు దొరక్కూడదు. అయినా ఆ పైముఖాన్ని శుభ్రం చేసి చూడండి, ఎందుకంటే అక్కడ నంబరు దొరికితే అది ఇంకా పెద్ద ప్రశ్న. గ్రైండర్ గానీ, ఇనప తీగల బ్రష్ బిగించిన డ్రిల్ గానీ ముట్టుకోవద్దు. పైపై అంకెలు ఒక్క రుద్దుకే పోతాయి. జిగురుగా ఉండే పెయింట్ రిమూవర్ పూసి 15, 20 నిమిషాలు ఆగి, చెక్క పుల్లతో గీకి, ఇత్తడి బ్రష్‌తో తుడవండి. రెండు మూడు విడతలు పడుతుంది. తరవాత సుద్దముక్క రుద్ది పైపైన తుడిస్తే గాట్లలో తెలుపు మిగులుతుంది. టార్చి నిటారుగా కాక పక్క నుంచి, దాదాపు లోహానికి ఆనించినట్టు పట్టి చూడండి.

నంబరు కనబడ్డాక తుప్పు గుంటల్ని చూడండి. 80 ఏళ్ల ఛాసిస్ మీద సన్నటి గుంటలు ఉండి తీరతాయి. అసలు నంబరైతే ఆ గుంటలు అంకె గాడి లోపల కూడా ఉంటాయి, అంకె అంచులు అరిగి మొద్దుబారి ఉంటాయి. తరవాత ఎవరైనా కొట్టిన నంబరైతే అంకె గుంటల మీదుగా పడుతుంది, దాని అడుగు నున్నగా ఉంటుంది. ఇంకో రకం పని ఉంది: ఆ జానెడు మేర రుద్ది చదును చేసి, కొత్తగా కొడతారు. అప్పుడు చుట్టూ గుంటలు, మధ్యలో అద్దం లాంటి నున్నదనం. అలాంటిది కనబడితే బేరం అక్కడితో ఆపేయండి. చరిత్ర సంగతి పక్కనపెట్టినా, మార్చిన ఛాసిస్ నంబరుతో ఏ దేశంలోనైనా చట్టంతో తలనొప్పే.

ఇక బాడీ. వెనక ప్యానెల్‌కి రెండు నిలువు వెల్డింగ్ గీతలు ఉన్నాయన్నారు. యుద్ధకాలపు జీపుకు వెనక తలుపు లేదు, ప్యానెల్ ఒకే రేకు. దానికి ఒకవైపు స్టెప్నీ, ఇంకోవైపు జెర్రీక్యాన్ అనే పెట్రోలు డబ్బా. వెనక తలుపు 1945లో విల్లీస్ తెచ్చిన పౌర జీపు సీజే-2ఏతో మొదలైంది. కాబట్టి మీరు చూసిన గీతలు సీజే తలుపును మూసి అతికినవి కావచ్చు. అలాగని తీర్పు ఇచ్చేయడానికీ లేదు. యుద్ధం తరవాత పొలం పనులకు జీపులు కొన్నవాళ్లు సామాను ఎక్కించడానికి అసలు ఎంబీ వెనక ప్యానెలే కోసి తలుపు పెట్టుకున్నారు. తరవాత ఎవరో దాన్ని మళ్లీ మూయించి ఉండొచ్చు.

ఈ ముడి విప్పాలంటే ఎడమ పక్క రేకు చూడాలి. ఎంబీ, జీపీడబ్ల్యూలకు పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కింద, మూత కూడా సీటు మెత్త ఎత్తితేనే కనబడుతుంది. సీజే-2ఏకు మూత బయట, ఎడమ పక్క రేకులో. ఆ చోట గుండ్రంగా పూడ్చిన మచ్చ ఉందేమో లోపలివైపు నుంచి వేలితో తడమండి. బయట లప్పం పెట్టి నున్నగా చేసినా లోపల వెల్డింగ్ గుట్టు దాగదు. అయస్కాంతం ఒకటి పలచటి గుడ్డలో చుట్టి రేకు మీద జరిపితే లప్పం ఉన్నచోట పట్టు సడలుతుంది. తరవాత వెనక చక్రాల వెనకున్న మూలలు చూడండి. యుద్ధకాలపు బాడీలో రెండు మూలలా మూతలున్న పనిముట్ల పెట్టెలు ఉంటాయి. సీజే-2ఏలో అవి లేవు, పనిముట్ల చోటు పక్క సీటు కింద. పెట్టెలు కొత్తగా అతికించారంటే రేకు మందం, వెల్డింగ్ తీరు తేడా కొడతాయి.

ఎడమ పక్క రేకులో పార, గొడ్డలి ఒదిగే పల్లాలు చూపించి, ఇవి మిలిటరీకే ఉంటాయి అంటారు. మొదట్లో వచ్చిన సీజే-2ఏలకు కూడా అవే అచ్చులు వాడారు, పల్లాలు అలాగే వచ్చాయి. తొమ్మిది చీలికల గ్రిల్ యుద్ధకాలపు గుర్తే, సీజేకు ఏడే. కానీ గ్రిల్‌ను కొన్ని బోల్టులు విప్పి మార్చేయొచ్చు. కొత్తవీ దొరుకుతాయి. దానికన్నా హెడ్‌లైట్లు నమ్మదగ్గవి: ఎంబీ, జీపీడబ్ల్యూలకు అవి చిన్నవి, గ్రిల్ వెనక్కి దిగి ఉంటాయి, వెనకనున్న మర విప్పితే లైటు తిరగబడి ఇంజిన్ వైపు వెలుగు పడేస్తుంది. రాత్రి రిపేరుకు అదో తెలివైన ఏర్పాటు. సీజే లైట్లు పెద్దవి, గ్రిల్ ముఖానే ఉంటాయి. నేల కింద టోపీ ఆకారంలో ఉండే ఛానెళ్లు కూడా చూడండి. అసలు బాడీల్లో వాటి లోపల కర్రముక్కలు కూరి ఉండేవి. నీరు పీల్చి, కుళ్లి, చుట్టూ రేకును తినేశాయి. అక్కడ కుళ్లిన కర్ర దొరికితే బాధపడకండి, బాడీ పాతదనడానికి అది మంచి గుర్తు. నిటారుగా, మచ్చలేని ఛానెళ్లు ఉంటే బాడీ మొత్తం కొత్తగా చేసింది కావచ్చు. అలాంటి బాడీలు ఫిలిప్పీన్స్ నుంచి దశాబ్దాలుగా వస్తున్నాయి, పని బాగానే ఉంటుంది, చరిత్రే ఉండదు.

వెనక ప్యానెల్ మీద ఫోర్డ్ అనో విల్లీస్ అనో పేరు అచ్చు ఉంటే ఇంకో లెక్క వేయాలి. ఆ అచ్చు 1942 మధ్య దాకా వచ్చిన బండ్లకే. 1944 ప్లేటుతో పాటు పేరు అచ్చు కూడా చూపిస్తే రెండిట్లో ఒకటి అబద్ధం. 1944 మొదట్లో నుంచి రెండు కంపెనీలకూ బాడీలు ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లోని అమెరికన్ సెంట్రల్ నుంచే వచ్చాయి. కాబట్టి బాడీ చూసి ఫోర్డా విల్లీసా అని వాదించుకోవడం ఆ ఏడాది బండ్లలో వృథా ప్రయాస.

బోల్టుల సంగతి చాలామంది అడుగుతారు. ఫోర్డ్ తన బోల్టు తలల మీద, బ్రాకెట్ల మీద వంకర తిరిగిన ఎఫ్ అక్షరం కొట్టింది. ఛాసిస్ మీద ఎవరూ విప్పని మూలల్లో, తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టుల మీద ఆ అక్షరం ఉంటే విలువ ఉంది. చేతికి అందే చోట్ల మెరిసే ఎఫ్ బోల్టులు మాత్రం కొని బిగించినవే అయివుంటాయి. మీ గొట్టం ఛాసిస్ మీద అవి ఎన్ని ఉన్నా ఛాసిస్ ఫోర్డ్ అయిపోదు.

యాక్సిల్ పరీక్ష ఒకటి ఉంది, పావుగంట పని. బండి నడిచేటప్పుడు చక్రం ఒక చుట్టుకు ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే డిఫరెన్షియల్ నిష్పత్తి; ఎంబీ, జీపీడబ్ల్యూలకు అది 4.88. సీజే-2ఏకు 5.38. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంచి, వెనక ఒక చక్రం మాత్రమే జాకీ మీద ఎత్తండి. ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, సుద్దగీత గీసిన ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు లెక్కపెట్టాలి. ఒకే చక్రం తిరుగుతోంది కాబట్టి రెండు చుట్లు కావాలి, ఒక్క చుట్టుకే లెక్కవేసి తప్పు అంకె తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. అయిదుకు కాస్త తక్కువ వస్తే 4.88, అయిదుంపావు దాటితే 5.38. వెనక హబ్ మధ్యలో ఆరు బోల్టుల ఫ్లాంజి ఉంటే ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్, యుద్ధకాలపు జీపులన్నిటికీ అదే. పెద్ద నట్టు ఒక్కటే ఉంటే తరవాతి రకం. తొలి సీజేలకు కూడా ఫుల్ ఫ్లోటింగే వచ్చింది కాబట్టి హబ్ ఒక్కటే చూసి ముగించకండి. గేర్‌బాక్సు టీ-84 అయితే యుద్ధకాలపుది, టీ-90 అయితే తరవాతది. కానీ టీ-90 గట్టిది అని అసలు బండ్లలోకి కూడా ఎక్కించారు. అందుకే దీనికి మేం పెద్ద మార్కులు వేయం.

ఇంజిన్ నంబరు తేడా పట్టించుకోవద్దన్నది ఎందుకంటే, సైన్యంలోనే ఇంజిన్లు మార్చేవారు. అరిగింది దించి, బాగుచేసి ఉంచింది ఎక్కించి పంపేవారు. పైగా విల్లీస్‌లో ఇంజిన్ నంబరు ఛాసిస్ నంబరుతో కలవాలన్న నియమమే లేదు. ఫోర్డ్‌లో ఫ్యాక్టరీ నుంచి రెండూ ఒకటే నంబరుతో వచ్చేవి. 80 ఏళ్ల తరవాత కూడా అవి కలిశాయంటే అదృష్టమే కావచ్చు, సుత్తి పనితనమూ కావచ్చు. ఆయిల్ ఫిల్టర్ దగ్గర, బ్లాకు కుడి ముందుభాగాన ఉన్న గడ్డ మీద నంబరు చూసి, అక్కడా గుంటల పరీక్షే చేయండి.

రంగు కింద దాగిన నంబరు కోసం వెతకడం ఇందులో అందరికీ ఇష్టమైన పని, పాడుచేసుకునేది కూడా ఇక్కడే. అమెరికన్ సైన్యం జీపులకు బానెట్ రెండు పక్కలా 20తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు రాసింది. మొదట్లో మసక నీలంలో, తరవాత తెలుపులో. తొలి రోజుల్లో ముందు డబ్ల్యూ అక్షరం ఉండేది. రేడియోకు అడ్డం రాకుండా ఏర్పాట్లున్న బండికి చివర ఎస్ ఉండేది. బ్రిటిష్ సైన్యం జీపైతే ఎం అక్షరంతో మొదలయ్యే నంబరు. స్టెన్సిల్‌తో కొట్టిన రంగుకు అంచు కాస్త లేచి ఉంటుంది, పైన ఎన్ని పొరలు పడ్డా ఆ గట్టు పోదు. మొదట ఏమీ రుద్దకుండా, చీకటి పడ్డాక పక్క నుంచి టార్చి వేసి చూడండి. చాలాసార్లు అదే చాలు.

కనబడకపోతే 600 వాటర్ పేపర్‌ను సబ్బునీళ్లలో తడిపి, చదునైన రబ్బరు ముక్కకు చుట్టి, అరచేతి మేర చోటులో ఒకే దిశలో రుద్దండి. పది రుద్దులకు ఒకసారి తుడిచి ఫొటో తీయండి. గరుకు కాగితంతో, లేదా పొడిగా రుద్దితే ఒకేసారి మూడు పొరలు దాటి ఇనుము తేలుతుంది, నంబరు ఎప్పుడు పోయిందో మీకే తెలియదు. మెషీన్ అసలు వద్దు. తిన్నర్ వేస్తే పై రంగుతో పాటు నంబరూ కరిగిపోయే ప్రమాదం ఉంది. ఒక నంబరు కింద ఇంకో నంబరు రావచ్చు. అది డిపోలో మళ్లీ రంగు వేశారనడానికి గుర్తు. దొరికిన నంబరు బానెట్‌ది మాత్రమేనని గుర్తుంచుకోండి. నాలుగు బోల్టులు విప్పితే బానెట్ ఇంకో బండికి పోతుంది. రిజిస్ట్రేషన్ నంబర్లు కాంట్రాక్టుల వారీగా గుత్తులుగా కేటాయించారు. కాబట్టి బానెట్ నంబరు చెప్పే కాలం, ఛాసిస్ నంబరు చెప్పే కాలం దగ్గరదగ్గరగా ఉంటేనే రెండూ ఒకే బండివి అనుకోవచ్చు. ఇప్పుడు పైన కనబడుతున్న నక్షత్రానికి మాత్రం విలువేమీ లేదు. స్టెన్సిల్, డబ్బా రంగు ఉంటే పిల్లలు కూడా గీస్తారు.

ఛాసిస్ మీద ఎంసీ అనో ఎండీ అనో నంబరు మొదలైతే మాత్రం దారి వేరు. ఎంసీ అంటే ఎం38, 1950 నుంచి 52 దాకా. ఎండీ అంటే ఎం38ఏ1, 1952 నుంచి. రెండూ 24 వోల్టుల, అచ్చమైన మిలిటరీ బండ్లు. గ్రిల్‌కి ఏడే చీలికలు ఉన్నాయని వాటిని పౌర జీపులనుకుని వదిలేసినవాళ్లూ ఉన్నారు. అయితే అవి రెండో ప్రపంచ యుద్ధం కథ చెప్పలేవు. ఫ్రాన్స్‌లో హాచ్‌కిస్ కంపెనీ లైసెన్సు మీద చేసిన ఎం201 ఇంకా పెద్ద బురిడీ. తొమ్మిది చీలికలతో అచ్చం ఎంబీలా ఉంటుంది, సైన్యం వాడిందే, కానీ 1950లలో మొదలైంది. మీ బండి వైరింగ్ 24 వోల్టులు అయితే ముందు దీన్నే అనుమానించండి. అసలు ఎంబీ, జీపీడబ్ల్యూలకు 6 వోల్టులే.

కాగితాల విషయానికొస్తే, పాత ఫొటో ఒకటి చూపించి ఇదే జీపు అంటే, ఫొటోలో బానెట్ నంబరు చదవగలిగేలా ఉందా, అది మీరు రంగు కింద బయటపెట్టిన నంబరేనా అన్న రెండే ప్రశ్నలు. ఒకదానికి కాదన్నా ఆ ఫొటో అలంకారమే.

మీ ఉత్తరంలోని వివరాలను బట్టి మా అంచనా: ఫోర్డ్ ప్లేటు బయటి నుంచి వచ్చింది, ఛాసిస్ విల్లీస్‌ది, బాడీ సీజే అయ్యే అవకాశం సగానికి పైగా ఉంది. గొట్టం ఛాసిస్ కాబట్టి ఎంబీ అని కూడా అప్పుడే అనకండి, సీజే కూడా విల్లీస్‌దే కదా, ఫోర్డ్ కాదని మాత్రమే తేలింది. ఎడమ పక్క పెట్రోలు మూత మచ్చ, మూలల్లో పెట్టెలు, బంపర్ వెనక ప్లేటు రంధ్రాలు, ఈ మూడూ ఈసారి వెళ్లినప్పుడు చూడండి. మచ్చ లేకుండా, పెట్టెలు పాతవై, ఎంబీ ప్లేటు దొరికితే ఎవరో తగిలించిన ఫోర్డ్ ప్లేటును తీసి పక్కనపెట్టి, 1944 విల్లీసో 43 విల్లీసో నంబరును బట్టి తేల్చుకుని బేరం ఆడొచ్చు. రిజిస్ట్రేషన్ కాగితం మీద ఏ నంబరు ఉందో కూడా అడగండి. అది డ్యాష్‌బోర్డు ప్లేటు నుంచి ఎక్కించిన ఫోర్డ్ నంబరైతే, కింద ఉన్నది విల్లీస్ ఛాసిస్ కాబట్టి, డబ్బు చేతులు మారకముందే ఆ కాగితం సరిచేయించే బాధ్యత అమ్మేవాడిదేనని రాయించుకోండి.